రెండు మందులు, ఒక నాలుక

మా ఆయనకు ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది ఒక మంగళవారం. ఉదయం పదకొండు నలభైకి డాక్టరు ఆ మాట చెప్పాడు. పన్నెండున్నరకు నయాపూల్ దగ్గర ఆటో ఆపించి ఆయన చెరుకురసం తాగాడు. మంచు వద్దని రెండుసార్లు చెప్పి, గ్లాసు తన కళ్ల ముందే కడిగించి మరీ తాగాడు. తాగి, "అల్లం ఎక్కువేసిండు" అన్నాడు. ఇంటికి వచ్చాక ఈ రెండు సమయాలూ పుస్తకంలో రాసుకున్నాను. అల్లం సంగతి కూడా రాశాను. ఎందుకు రాశావని అడిగితే చెప్పలేను. రాయకపోతే ఆ రోజు చేతిలోంచి జారిపోతుందని అనిపించింది.

మాది పాతబస్తీలో జహనుమా. పాల వ్యాపారం. నలభై ఏడేళ్ల కాపురం. ఇంటి గడప నుంచి బర్రెల కొట్టం దాకా నా అడుగులతో ఎనిమిది వందల పది. ఆయనా, నా మరిదీ కలిసి పదకొండు బర్రెలను చూసుకుంటారు, పాలు పిండడానికి కూలికి ఒకాయన వస్తాడు. లెక్కలు నావి. ఏ బర్రె ఎప్పుడు ఈనింది, ఏ పూట ఎన్ని పాలిచ్చింది, పాల చిక్కదనం లాక్టోమీటర్‌లో ఎంత చూపించింది, అన్నీ నా పుస్తకాల్లో ఉంటాయి. కానీ పుస్తకంలో లేనిది ఆయన నాలుక మీద ఉంటుంది. గ్లాసులో గుక్కెడు పాలు పోసి ఇస్తే, ఇవి విరిగిన కొమ్ము దానివి, ఇవి బూడిద దానివి అని చెప్పేస్తాడు. అది ఆట కాదు. బర్రెకు పొదుగు వాపు వచ్చే ముందు పాలలో సన్నగా ఉప్పదనం వస్తుంది. పొదుగు ఉబ్బడానికి రెండు రోజుల ముందే ఆయన నాలుక ఆ ఉప్పును పట్టుకుంటుంది. అప్పుడు మందు వేస్తే బర్రె దక్కుతుంది, పాలూ దక్కుతాయి. ఆలస్యమైతే పొదుగులో ఒక భాగం ఎండిపోతుంది. మా కొట్టంలో అలా ఎండిపోయిన బర్రె ఇప్పటిదాకా ఒక్కటే. ఆ వారం ఆయన టైఫాయిడ్‌తో పడుకున్నాడు.

ఆపరేషన్ తప్పదన్నారు. జబ్బు ఇంకా గ్రంథి దాటలేదు గానీ గట్టి రకం అన్నారు. అందుకని ఆపరేషన్ కన్నా ముందు ఇంకో వైద్యం చేసి చూడవచ్చని, ఇది ఇంకా కొత్త పద్ధతి, ఎంచుకున్న కొద్దిమందికే చేస్తున్నామని చెప్పి మమ్మల్ని ఇంకో డాక్టరమ్మ దగ్గరికి పంపారు. రేడియోధార్మిక మందుల డాక్టరు ఆమె. నలభై దాటి ఉండవు. మాట నిదానం. నేను పుస్తకం తెరవగానే నవ్వలేదు, కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఆ ఒక్క పనితో నాకు నచ్చింది.

ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. మా బర్రెల చెవులకు బీమా వాళ్లు బిళ్లలు కొడతారు. ఈ క్యాన్సర్ కణాల మీద కూడా అలాంటి బిళ్ల ఒకటి ఉంటుంది. ఆ బిళ్లను వెతికి పట్టుకునే మందుకు రేడియోధార్మిక అణువును తగిలించి నరంలోకి ఎక్కిస్తారు. అది ఒళ్లంతా తిరిగి, బిళ్ల ఉన్న కణం దగ్గర ఆగి, అక్కడే కిరణాన్ని వదులుతుంది. తగిలించే అణువు రెండు రకాలు. ఒకటి ల్యుటీషియం. దాని కిరణం మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో పోతుంది. రెండోది ఆక్టినియం. దాని కిరణం నాలుగైదు కణాల దూరం కూడా దాటదు గానీ, తగిలిన చోట దెబ్బ చాలా గట్టిది.

"మరి కష్టం ఏముంది? గట్టిదే ఎయ్యుండ్రి" అన్నాను.

"ఒక చిక్కుందమ్మా. నోట్లో ఉమ్మి ఊరించే గ్రంథులు కూడా ఈ మందును పీల్చుకుంటాయి. ల్యుటీషియంతో కొందరికి నోరు కొంచెం ఎండుతుంది, చాలామందికి మెల్లగా తగ్గుతుంది. ఆక్టినియంతో ఎండడం ఎక్కువ. కొందరికి అలాగే ఉండిపోతుంది. రుచి కూడా పోవచ్చు."

ఆయన అంతవరకు కిటికీలోంచి బయట పార్కింగ్ లొల్లి చూస్తున్నాడు. అప్పుడు ఇటు తిరిగాడు. "రుచి పోతదా?" అన్నాడు. క్యాన్సర్ అని విన్నప్పుడు కూడా ఆయన గొంతు అలా లేదు.

ఆలోచించుకుని వారంలో చెప్పమంది. ఆ వారమంతా నేను పట్టిక వేశాను. ఎడమవైపు ల్యుటీషియం, కుడివైపు ఆక్టినియం. దెబ్బ బలం, కిరణం దూరం, నోరు ఎండడం, రక్తకణాలు తగ్గడం, ఆపరేషన్‌కు ముందు ఇచ్చిన అనుభవం, ఇలా పన్నెండు వరుసలు. మంచికి ఒక మార్కు కలిపి, చెడుకు ఒక మార్కు తీసి, తెలియని చోట గడి ఖాళీగా వదిలేశాను. కూడితే ల్యుటీషియానికి రెండు, ఆక్టినియానికి నాలుగు వచ్చాయి. నోరు ఎండడానికి మార్కు తీసేశాక కూడా నాలుగే.

ఇంట్లో పెద్ద గొడవైంది.

"నాలుగు పెద్దదా, రెండు పెద్దదా?" అన్నాను.

"నాలుక పెద్దది" అన్నాడు.

"మనిషి లేకుంట నాలుకతోని ఏం జేస్తం? అద్దాల పెట్టెల పెడ్తమా?"

"నాలుక లేని మనిషితోని నువ్వేం జేస్తవ్? కొట్టంల గుంజకు కట్టేస్తవా? ఇగో, నాకు చావంటే ఫికర్ లేదు. పాలు నోట్లె పోసుకుంటే నీళ్లు తాగినట్టుండుడు గది నాతోని కాదు."

నేను రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన కూడా మాట్లాడలేదు గానీ, రెండో రోజు సాయంత్రం నా కళ్లజోడు తీసుకుని తన ధోవతి అంచుతో తుడిచి మళ్లీ పుస్తకం మీద పెట్టాడు. మా ఇంట్లో రాజీకి వచ్చే పద్ధతి అది.

పట్టిక డాక్టరమ్మ ముందు పెట్టాను. ఆమె వేలితో ఒక్కొక్క గడి చూస్తూ కిందికి వచ్చింది. కుడివైపు ఖాళీ గడులు ఆరున్నాయి.

"వీటికి ఎంత వేశారమ్మా?"

"ఏమెయ్యలే. తెల్వదు కద."

"తెలియదు అంటే సున్నా కాదమ్మా. మీరు కూడినప్పుడు సున్నా చేశారు. ఆపరేషన్‌కు ముందు ఆక్టినియం ఇస్తే ఏమవుతుందో చెప్పేంత అనుభవం మా దగ్గర లేదు. ల్యుటీషియంతో కూడా చాలా లేదు గానీ, కొంత ఉంది. ఈ రెండింటినీ ఆపరేషన్ ముందు పక్కపక్కన పెట్టి, ఇది మేలు అని ఖాయంగా చెప్పే రోజు ఇంకా రాలేదు. మీ ఆయన జబ్బు కోసి తీయగలిగే దశలో ఉంది. నన్ను అడిగితే అనుభవం ఉన్న మందే ఇస్తాను."

నలభై ఏడేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. రాయని పాలను ఇవ్వని పాలుగా ఎప్పుడూ కూడలేదు. ఇక్కడ మాత్రం అలా కూడేశాను. ఆమె ముందు నాకు సిగ్గేసింది. ఆయన మాత్రం కాలి మీద కాలేసుకుని, "సంతకం ఏడ బెట్టాలె డాక్టరమ్మా?" అన్నాడు.

ల్యుటీషియం ఆరు వారాల ఎడంతో రెండుసార్లు. రెండోది అయ్యాక మరో ఆరు వారాలకు ఆపరేషన్. మొదటిసారి తర్వాత నోరు మరీ పాడైతే రెండోది ఆపేయవచ్చని, కానీ అప్పుడు వైద్యం సగమే అవుతుందని కూడా ఆమె చెప్పింది. ఈ మాట రాసుకుని కింద గీత గీశాను.

నోరు పాడైందో లేదో తెలియాలంటే ముందు ఎలా ఉందో తెలియాలి కదా. అందుకని మందుకు పది రోజుల ముందు నుంచి పరీక్ష మొదలుపెట్టాను. ఉదయం మరిది అయిదు స్టీలు గిన్నెల్లో అయిదు బర్రెల పాలు విడివిడిగా పంపాలి. విరిగిన కొమ్ముది, బూడిదది, తెల్ల తోకది, పెద్దది, చిన్న పొదుగుది. గిన్నెల అడుగున నేను గుర్తులు గీశాను. ఆయనకు కనపడకుండా ఒక్కొక్క గిన్నెలోంచి గుక్కెడు గ్లాసులో పోసి ఇస్తాను. ఆయన చెప్పాలి. పది రోజుల్లో యాభై గుక్కలు, రెండే తప్పులు. ఆ రెండూ బూడిద దానికీ, తెల్ల తోక దానికీ మధ్య తడబాటు. "అవి అక్కచెల్లెండ్లే, తప్పు వాటిది" అని వాదించాడు. నేను ఒప్పుకోలేదు.

మందు ఎక్కించిన రోజు ఆస్పత్రిలోనే ఉంచుకుని మర్నాడు పంపారు. రెండు వారాలు పిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండాలి, ఎవరితోనైనా రెండు మీటర్ల ఎడం పాటించాలి, మరుగుదొడ్డిలో కూర్చునే పోయి రెండుసార్లు నీళ్లు వదలాలి. గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగుతూ ఉండాలి. ముందు గదిలో మంచం వేసి, టేపుతో కొలిచి, ముగ్గుపిండితో గీత గీశాను. మా పక్కింటి ఆపా కోడలికి ఏడో నెల. ఆపా పాల కోసం వచ్చి గీత చూసి గడపలోనే ఆగిపోయింది.

"యా అల్లా, భాయ్‌సాబ్‌ను అరెస్ట్ చేసినవా అక్కా?"

"చేసింది ఆపా" అని లోపల్నుంచి ఆయనే అరిచాడు. "బెయిల్ కూడ ఇస్తలేదు."

"క్యా జుర్మ్ కియే? ఏం తప్పు చేసిండ్రు?"

"పాలల్ల నీళ్లు కలిపిన."

"తౌబా! గట్లయితే ఉండుండ్రి లోపల్నే" అని ఆపా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రెండు వారాలూ ఆమె గిన్నె గడప మీద పెట్టి వెనక్కి జరిగేది, నేను పాలు పోసి వెనక్కి జరిగేదాన్ని. కోడలిని మాత్రం మా గోడ వైపు కూడా రానివ్వలేదు.

ల్యుటీషియం బలం ఆరున్నర రోజులకు కొంచెం పైగా అయితే సగమవుతుందని డాక్టరమ్మ చెప్పింది. కాబట్టి మిగతా సగం ఇంకో ఆరున్నర రోజుల్లో పోతుంది, పదమూడు రోజుల పైన ఏమీ ఉండదు అని నేను లెక్క వేశాను. ఫోన్ చేసి సరిచూసుకుంటే, అలా కాదమ్మా, మిగిలిన దాంట్లో సగం పోతుంది, తర్వాత మళ్లీ దాంట్లో సగం అంది. అంటే పాల క్యాన్ కడిగినట్టు. సగం పారబోసి నీళ్లు నింపి, మళ్లీ సగం పారబోసి నింపుతూ పోతే తెలుపు తగ్గుతుంది గానీ ఎప్పటికి పోతుందని చెప్పలేం. రెండు వారాల తర్వాత ఇంటివాళ్లకు భయం లేదని ఆమె భరోసా ఇచ్చింది. కానీ ఆ పోని తెలుపు నా తలలో ఉండిపోయింది. ఆమె రెండు వారాలంటే నేను ఆయన్ని ఆరు వారాలు కొట్టం వైపు పోనివ్వలేదు. దుమ్ము, పేడ, రక్తకణాలు తగ్గి ఉంటాయి, ఇలా ఏదో ఒకటి చెప్పాను. ముగ్గు గీత చెరిపేశాను గానీ ఆయన గడప దాటలేదు.

తొమ్మిదో రోజు నోరు ఎండడం మొదలైంది. చపాతీ మింగడానికి నీళ్లు కావాల్సి వచ్చేది. అయినా పరీక్షలో అయిదుకు నాలుగు, ఒక్కోరోజు అయిదుకు అయిదు. ఇరవై ఏడో రోజు దాకా అలా నడిచింది. ఇరవై ఎనిమిదో రోజు ఉదయం మొదటి గ్లాసు తాగి ఊరుకున్నాడు. రెండోది, మూడోది తాగాడు. అయిదూ అయ్యాక గ్లాసు కింద పెట్టాడు.

"అన్నీ ఒక్క తీరుగున్నయే."

"ఒక్క తీరుగుండుడేంది? అయిదు బర్రెల పాలు."

"నాకేమెరుక. ఒక్క తీరుగున్నయ్."

నేను సున్నా రాశాను. ఇరవై తొమ్మిదో రోజు కూడా అదే మాట, మళ్లీ సున్నా. ముప్పయ్యో రోజు నుంచి పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు గానీ, ఒకటి తగిలితే నాలుగు తప్పు. రెండు తగిలిన రోజు ఒక్కటే. ఆ రోజుల్లో నాకు అన్నం సయించలేదు. ఆయన మంచం మీద కూర్చుని నీళ్ల సీసా పక్కన పెట్టుకుని నా వైపు చూసేవాడు. నేను పుస్తకం వైపు చూసేదాన్ని.

రక్తపరీక్షలో క్యాన్సర్ అంకె ముప్పై నాలుగు నుంచి పంతొమ్మిదికి దిగింది. మందు పని చేస్తోంది. రెండో మోతాదు నలభై రెండో రోజున. కానీ నాలుక పోయింది. ఆయన ఏది వద్దన్నాడో అదే జరిగింది. ముప్పై ఎనిమిదో రోజు డాక్టరమ్మకు ఫోన్ చేసి, రెండోది ఆపేయండి అన్నాను. ఆమె ఆశ్చర్యపోయింది. ఇంత హఠాత్తుగా పడిపోవడం తను అనుకోలేదని, వచ్చి చూపించమని, అప్పుడు ముగ్గురం కలిసి తేల్చుకుందామని చెప్పింది.

"వద్దనకే" అన్నాడు ఆయన. "సగం వైద్యం జేసి ఆపుతరా? పోయిన నాలుక ఎట్లాగు పోయె."

ఆయనే అలా అనడం నాకు ఇంకా భయమేసింది.

నలభయ్యో రోజు ఉదయం. డాక్టరమ్మకు చూపించే కాగితాలు పూర్తిగా ఉండాలని, ఆ రోజు పరీక్ష అయ్యాక గిన్నెల్లో మిగిలిన పాలకు లాక్టోమీటర్ కూడా పెట్టాను. ఇంట్లో మంచం దగ్గర పరీక్ష కదా అని అన్ని రోజులూ ఆ పని చేయలేదు. మొదటి గిన్నె ముప్పై. రెండోది ముప్పై. మూడోదీ ముప్పై. నాలుగో దానికి గాజు గొట్టం కడిగి, తుడిచి, మళ్లీ పెట్టాను. ముప్పై. అయిదోదీ అంతే. పాత పుస్తకం తీశాను. విరిగిన కొమ్ముది ఎన్నడూ ఇరవై తొమ్మిది దాటలేదు. పెద్దది ముప్పై ఒకటికి తగ్గలేదు. అయిదు బర్రెలు ఒకే పూట ఒకే అంకె చూపించిన రోజు నా పుస్తకాల్లో ఒక్కటి కూడా లేదు.

ఎనిమిది వందల పది అడుగులు ఎలా నడిచానో లెక్కపెట్టలేదు. మరిది కొట్టంలో పేడ ఎత్తుతున్నాడు. ఒక్కడే ఉన్నాడు.

"ఈ అయిదు గిన్నెలు ఏ బర్రెలయి?" అన్నాను.

"నువ్వు జెప్పినయే వదినా."

"లాక్టోమీటర్ అబద్ధమాడ్తదా, నువ్వా?"

పార కింద పెట్టాడు. మెడ గోక్కున్నాడు. "పాలు పిండెటాయన ఊరికి పోయి పన్నెండు దినాలాయె. నేనొక్కన్నే పదకొండింటిని పిండాలె. ఒక్కొక్క దానియి విడిగ తీసి, నీ గుర్తు చూసి గిన్నెల పోసుడు నాతోని అయితదా? అన్నీ డ్రమ్ముల పోసి, డ్రమ్ములకెల్లి అయిదు గిన్నెలు నింపి పంపుతున్న."

"చెప్పొద్దా మరి?"

"చెప్తే నువ్వు ఊకుంటవా? అన్నకు ఇంట్ల పొద్దు పోక గీ ఆట వెట్టుకున్నరనుకున్న. నువ్వు దాన్ని రాసుకొని దవాఖానకు పట్కపోతవని నాకేం తెలుసు?" అని, నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "ఏమైంది వదినా? అన్నకేమైంది?"

ఏం కాలేదు, అదే సంగతి అని చెప్పాను. పాలు పిండేవాడు లేడని ఆయనకు తెలియకపోవడానికి కారణం కూడా నేనే. కొట్టం వైపు పోనిచ్చి ఉంటే మొదటి రోజే తెలిసేది.

ఇంటికి వచ్చేసరికి ఆయన నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు.

"ఏమయ్యా, ఇరవై ఎనిమిదో దినం ఏమన్నవ్?"

"తారీకులు నాకేమెరుక? ఏ దినం?"

"అన్నీ ఒక్క తీరుగున్నయన్న దినం."

"అన్న. నువ్వు సున్నా పెట్టినవ్."

"అన్నీ ఒక్క డ్రమ్ముయేనట."

ఆయన మూత తిప్పడం ఆపాడు. పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నోరు ఎండి దగ్గు వచ్చింది, నీళ్లు తాగి మళ్లీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"మరి ముప్పయ్యో దినం నుంచి పేర్లెందుకు చెప్పినవ్? ఒక్కటేనని గట్టిగ నిలబడొద్దా?"

"సున్నా పెట్టినప్పుడల్ల నీ మొకం జూడలేక. ఒకటో రెండో తగిల్తే నువ్వు అన్నం తింటవని."

పుస్తకం తెరిచి, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది రోజుల సున్నాల మీద అడ్డంగా గీత కొట్టి అయిదు వేశాను. తర్వాతి పదకొండు రోజులకు ఏం వేయాలో తెలియలేదు. "ప్రశ్నే తప్పు" అని రాశాను. ఆయన పక్కకు వచ్చి, కళ్లజోడు లేకుండా దూరంగా పట్టుకుని చదివి, "సంతకం బెట్టు" అన్నాడు. పెట్టాను.

నలభై రెండో రోజు రెండో మోతాదు ఎక్కింది. జరిగింది చెబితే డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. మరిదిని ఏమీ అనొద్దంది. ఆ తర్వాత పరీక్ష సరిగా నడిచింది. పాలు పిండేవాడు తిరిగొచ్చాడు. రెండు వారాల ఎడం తీరాక గిన్నెలు మా ఆయనే కొట్టానికి పోయి దగ్గరుండి నింపించేవాడు, కానీ ఏది ఏ గిన్నెలోదో నేను మార్చి ఇచ్చేదాన్ని. నోరు ఈసారి ఎక్కువే ఎండింది. అయిదుకు మూడు, ఒక్కోసారి నాలుగు. అయిదు మళ్లీ రాలేదు. ఇవి నిజమైన అంకెలు. నిజమైనవి కాబట్టి నేను అన్నం మానలేదు.

ఆపరేషన్ నాలుగు గంటల పది నిమిషాలు. కోసి తీసిన గ్రంథి రిపోర్టులో అంచుల్లో జబ్బు లేదని వచ్చింది. లోపల కొన్ని చోట్ల కణాలు బాగా చచ్చిపోయాయి, కొన్ని చోట్ల మిగిలాయి. రక్తపరీక్షలో అంకె ఆపరేషన్‌కు ముందే ఆరుకు దిగింది, తర్వాత యంత్రానికి అందనంత తగ్గింది.

"మందు వల్లనా, ఆపరేషన్ వల్లనా?" అని అడిగాను.

"ఈ ఒక్కరిని చూసి చెప్పలేనమ్మా. చాలామందిని ఏళ్ల తరబడి చూడాలి" అంది డాక్టరమ్మ.

"ఆక్టినియం ఇచ్చుంటే ఎట్లుండేది?"

"అదీ చెప్పలేను."

ఈసారి నేను దేనికీ సున్నా వేయలేదు.

ఆపరేషన్ అయిన నాలుగో నెలలో బార్కస్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ పాతకాలం నుంచీ ఉన్న అరబ్బు కుటుంబం ఒకటి మాకు తెలిసినవాళ్లు. వాళ్ల ఇంటి పెద్ద కొడుకు సంతలో బర్రెను చూసి తెచ్చుకున్నాడు. నచ్చకపోతే వారంలో తిప్పి పంపవచ్చనే మాట మీద తెచ్చాడు. "చాచా వచ్చి పాలు చూస్తేనే ఉంచుకుంట" అన్నాడు. అంతకుముందైతే మా ఆయన అప్పుడే బయల్దేరేవాడు. ఈసారి రెండు రోజులు ఏదో ఒక సాకు చెప్పాడు. మూడో రోజు, "నువ్వు కూడ రా" అన్నాడు. ఆపరేషన్ తర్వాత ఇంకా మూత్రం ఆగడం లేదు, మార్చుకునే బట్ట కావాలి, అందుకేమో అనుకున్నాను. సంచిలో రెండు జతలు, నీళ్ల సీసా పెట్టుకుని ఆటో ఎక్కాం.

"ఆవో చాచా, ఆవో. మీ కోసమే ఆగిన" అని ఆ అబ్బాయి కుర్చీ వేశాడు. నలభై ఏళ్లుంటాయి, వాడి చిన్నప్పటి నుంచి చూస్తున్నాం కాబట్టి మాకు అబ్బాయే. బర్రె నిగనిగలాడుతోంది. అప్పుడే పిండిన పాలు గ్లాసులో పోసి ఇచ్చాడు. "ఉదయం ఆరు, సాయంత్రం ఆరు లీటర్లు చాచా. మస్తున్నది కదా?"

ఆయన గుక్కెడు తీసుకుని నోట్లో నిలిపాడు. మింగాడు. నా సంచి వైపు చెయ్యి చాచాడు. నీళ్లిచ్చాను. పుక్కిలించి ఊసి, ఇంకో గుక్క తీసుకున్నాడు. మళ్లీ నీళ్లు, మూడో గుక్క. అబ్బాయి ముఖం ఒకసారి ఆయన వైపు, ఒకసారి నా వైపు తిరుగుతోంది. నలభై ఏడేళ్లలో ఆయన ఏ పాలకూ రెండో గుక్క తీసుకోలేదు.

"ఉప్పున్నట్టే ఉంది" అన్నాడు నాతో మెల్లగా. "లేనట్టే ఉంది."

ఆయన గ్లాసు నా చేతిలో పెట్టి, ధోవతి సర్దుకుని, గోడ పట్టుకుని మెల్లగా బర్రె పక్కన కూర్చున్నాడు. అరచేతిని పొదుగు మీద ఆనించి, ముందు కుడి, ముందు ఎడమ, వెనక కుడి, వెనక ఎడమ అని ఒక్కొక్క భాగాన్నే తడిమాడు. చివరిదాని దగ్గర చెయ్యి ఆగింది. తీసి, మళ్లీ మొదటిదాని మీద పెట్టి, మళ్లీ అక్కడికే తెచ్చాడు.

"ఏమే, ఇటు రా. చెయ్యి వెట్టు."

నేను గ్లాసు కింద పెట్టి, మోకాళ్లు నొప్పెడుతున్నా వంగి, ఆయన చూపిన రెండు చోట్లా అరచెయ్యి పెట్టాను.

"ఏది ఎచ్చగున్నది?"

చెయ్యి కొంగుకు తుడుచుకుని రెండోసారి పెట్టాను.

"వెనకది. ఎడమ."

"పక్కానా?"

ఇన్నేళ్లలో ఈ మాట నేను ఆయన్ని ఎన్ని వేలసార్లు అడిగానో లెక్క లేదు. ఆయన నన్ను అడగడం అదే మొదలు.

"పక్కా" అన్నాను.

నా భుజం పట్టుకుని లేచాడు. ఆ అబ్బాయి వైపు తిరిగి, "బేటా, పశువుల డాక్టర్‌ను పిలిపియ్యి. వెనక ఎడమ దిక్కు వాపు మొదలైతున్నది. నయమైనంకనే ఉంచుకో, లేకుంటే తిప్పి పంపు. మేమిద్దరం చూసినం" అన్నాడు.